మూడో తరగతి మొదటి టెర్ము

పిల్లలు బడినించి ఇంటికి రాగానే మనం అడిగే మొదటి ప్రశ్న "టిఫిన్ బాక్సు ఖాళీ చేశావా?" అని. రెండోది "హోంవర్కు ఏమిచ్చారు?" అని. పరీక్షలు అయ్యాక మూడో ప్రశ్న ఒకటి వచ్చి చేరుతుంది, "ఎన్ని మార్కులొచ్చాయి?" అని. ఈ సందడిలో అసలు అడగవలసిన ప్రశ్న జారిపోతూ ఉంటుంది. "ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అన్నదే ఆ ప్రశ్న. ఒకవేళ అడిగినా "ఏమో", "ఏం లేదు" అనే జవాబు వస్తుంది. అది పిల్లల తప్పు కాదు. ఎనిమిదేళ్ళ పిల్లకి తాను నేర్చుకున్నది ఫలానా అని పేరుపెట్టి చెప్పడం చేతకాదు. ఆ సంగతి కనిపెట్టి ఉండవలసింది పెద్దవాళ్ళం మనమే.

ఈ పూట మనం మూడో తరగతి గురించి మాట్లాడుకుందాం. జూన్ నెలలో బడి తెరిచింది మొదలు దసరా సెలవులదాకా ఆ తరగతిలో పిల్లలు నేర్చుకునేదేమిటి, ఎలా నేర్చుకుంటారు, ఇంట్లో మనం ఎక్కడ సాయపడగలం, ఎక్కడ తెలియక అడ్డుపడుతున్నాం అన్నది విషయం.

అయిదు తరగతులుండగా మూడోదాన్నే ఎందుకు ఎంచుకున్నారని అడుగుతారేమో. మొదటి రెండేళ్ళూ పిల్లలు చదవడం నేర్చుకుంటారు. మూడో ఏటినుంచి చదివి నేర్చుకోవడం మొదలుపెడతారు. ఈత నేర్చుకోవడం వేరు, ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు వెళ్ళడం వేరు కదా! మూడో తరగతిలో పరిసరాల విజ్ఞానం అని కొత్త పుస్తకం చేతికి వస్తుంది. లెక్కల్లో అంకెలు మాత్రమే కాకుండా వాక్యాలు కనబడతాయి. చదవడం సరిగ్గా రాని పిల్లకి తెలుగొక్కటే కాదు, లెక్కలూ కష్టమవుతాయి, పరిసరాల విజ్ఞానమూ కష్టమవుతుంది. అప్పుడు మనం "అన్నిట్లోనూ వెనకబడింది" అంటాం. నిజానికి వెనకబడింది ఒక్కచోటే.

ప్రభుత్వం కూడా ఈ సంగతి గుర్తించింది. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం చదవడం, రాయడం, మామూలు లెక్కలు చెయ్యడం అనే ఈ పునాదికి పెద్దపీట వేసింది. ఆ తరవాత 2021 జులైలో 'నిపుణ్ భారత్' అనే కార్యక్రమం మొదలైంది. 2026-27 నాటికి దేశంలో ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ మూడో తరగతి పూర్తయ్యేసరికి అర్థం చేసుకుంటూ చదవగలగాలి, మామూలు లెక్కలు చెయ్యగలగాలి అన్నది దాని లక్ష్యం. తెలంగాణలో 2022లో 'తొలిమెట్టు' అనే పేరుతో ప్రాథమిక బడుల్లో ఇదే పని మొదలుపెట్టారు.

మరి పిల్లలు ఎక్కడున్నారు? 2024లో దేశమంతటా గ్రామాల్లో ఇంటింటికీ వెళ్ళి చేసిన 'అసర్' సర్వేలో, మూడో తరగతి పిల్లలు నూరుమందిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 27 మంది. తీసివేత లెక్క చెయ్యగలిగినవారు సుమారు 34 మంది. అది పల్లెటూళ్ళ సంగతి, మనం పట్నంలో ఉన్నాం, మన పిల్లలు మంచి బడికే వెళుతున్నారు అని నిశ్చింతగా ఉండకండి. పట్నంలో ఈ లోపం పైకి కనబడదు. ట్యూషనూ, గైడూ, అమ్మ చేసిపెట్టిన ప్రాజెక్టూ, వీటి చాటున దాక్కుని ఉంటుంది. అయిదో తరగతిలోనో ఆరో తరగతిలోనో ఒక్కసారిగా బయటపడుతుంది.

ముందు లెక్కల సంగతి చూద్దాం.

ఒకటో తరగతిలో 99 వరకూ, రెండో తరగతిలో 999 వరకూ, మూడో తరగతి చివరికి 9999 వరకూ సంఖ్యలు చదవడం, రాయడం రావాలి. వినడానికి ఇది మరో సున్న చేర్చినంత తేలికగా ఉంటుంది. కాని ఇక్కడ పిల్లలకి అందవలసిన విషయం చాలా పెద్దది. అంకె ఒకటే అయినా అది నిలబడిన చోటునిబట్టి దాని విలువ మారుతుంది. 5 అంటే అయిదు. అదే 5 పక్కింటికి జరిగితే యాభై. ఇంకో ఇల్లు జరిగితే అయిదు వందలు. దీన్నే స్థాన విలువ అంటారు. కూడికా, తీసివేతా, గుణకారమూ, భాగహారమూ, రేపు దశాంశాలూ అన్నీ దీనిమీదే నిలబడతాయి.

దీన్ని నేర్పడానికి బడిలో పుల్లలు పంచిపెట్టి, పదేసి పుల్లలకి ఒక రబ్బరు బ్యాండు వేయిస్తారు. అలాంటి పది కట్టలు కలిపితే వంద. కొందరు తల్లులు "పుల్లలు కట్టించి ఆడిస్తున్నారట, దీనికేనా ఇంత ఫీజు!" అని విసుక్కుంటారు. అది ఆట కాదు. పది విడి పుల్లలు ఒక్క కట్ట అవుతాయనీ, ఆ కట్టను మళ్ళీ విప్పితే పది పుల్లలు అవుతాయనీ చేతులకి తెలిస్తేనే బుర్రకి తెలుస్తుంది. మన ఇంట్లో చీపురు ఈనెలతో ఆ పని జరుగుతుంది. చింతగింజలు పదేసి చొప్పున చిన్న పొట్లాలు కట్టించినా జరుగుతుంది.

మీ పాప దగ్గర ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. "రెండు వందల నాలుగు" రాయమనండి. చాలామంది పిల్లలు 2004 అని రాస్తారు. కోపం తెచ్చుకోకండి. వాళ్ళు విన్నది విన్నట్టు రాశారు. రెండు వందలు అనగానే 200 వేశారు, నాలుగు అనగానే పక్కన 4 వేశారు. వాళ్ళ లెక్కకి అది సబబే. మూడు గిన్నెలు వరసగా పెట్టి ఒకటి వందలది, ఒకటి పదులది, ఒకటి ఒకట్లది అని చెప్పండి. వందల గిన్నెలో రెండు గింజలు, ఒకట్ల గిన్నెలో నాలుగు గింజలు వెయ్యమనండి. నడిమి గిన్నె ఖాళీగా ఉంది. ఆ ఖాళీని చూపించడానికే సున్న. బస్సులో సీటు మీద వేసిన రుమాలులాంటిది అది. మనిషి లేడుగాని చోటు ఉంది. ఇది పిల్లలకి ఎంత బాగా అర్థమవుతుందో మీరే చూడండి.

ఇక్కడ మన తెలుగు చేసే మేలు ఒకటి చెప్పాలి. పదమూడు అన్నప్పుడు పది ముందు వినిపిస్తుంది, మూడు తరవాత వినిపిస్తుంది. రాసేటప్పుడూ పదిని తెలిపే 1 ముందు, 3 తరవాత. పన్నెండులోనూ పంతొమ్మిదిలోనూ రూపం కాస్త మారినా, పదకొండు మొదలు పంతొమ్మిదిదాకా అన్నిట్లోనూ పదే ముందు నిలబడుతుంది. ఇరవై మూడు, ముప్ఫై మూడు కూడా అంతే. ఇంగ్లీషులో అలా కాదు. థర్టీన్ అంటే మూడు ముందు వినిపిస్తుంది, అందుకే పిల్లలు 13కి బదులు 31 రాస్తారు. ఫోర్టీన్, ఫోర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకదానికొకటి అనిపిస్తాయి. ఇంగ్లీషులో నంబర్లు తడబడే పిల్లకి అదే సంఖ్యను తెలుగులో చెప్పి చూడండి. సగం తికమక అక్కడే విడిపోతుంది. ఇంగ్లీషు మీడియం కదా అని ఇంట్లో తెలుగు లెక్క మానిపించడం అంటే మన చేతిలో ఉన్న దీపాన్ని మనమే ఆర్పేసుకోవడం.

ఇక తీసివేత. ఈ టెర్ములో చాలా ఇళ్ళలో కన్నీళ్ళు పెట్టించేది ఇదే. 52లోంచి 28 తియ్యాలి. రెండులోంచి ఎనిమిది పోదు. అప్పుడేం చెయ్యాలి?

ఇది పుస్తకంతో కాకుండా డబ్బుతో చెప్పండి. పాప చేతిలో అయిదు పది రూపాయల నోట్లూ, రెండు రూపాయి బిళ్ళలూ పెట్టండి. కూరలబ్బాయికి ఇరవై ఎనిమిది ఇవ్వాలని చెప్పండి. ఎనిమిది బిళ్ళలు కావాలి, ఉన్నవి రెండే. ఒక పది నోటు మార్చి పది బిళ్ళలు తెచ్చుకుంటుంది. ఇప్పుడు నోట్లు నాలుగు, బిళ్ళలు పన్నెండు. ఎనిమిది బిళ్ళలు ఇచ్చేస్తే నాలుగు మిగిలాయి. రెండు నోట్లు ఇచ్చేస్తే రెండు మిగిలాయి. మొత్తం 24. బడిలో "అప్పు తెచ్చుకోవడం" అని నేర్పేది ఈ చిల్లర మార్చడమే.

పూర్వం పిల్లలు కొట్టుకి వెళ్ళి చిల్లర లెక్కపెట్టుకుని తెచ్చేవారు. ఇప్పుడు మనం కూరలబండి దగ్గర కూడా ఫోనుతో స్కాన్ చేసి డబ్బు పంపేస్తున్నాం. మనకు సౌకర్యమే, కాదనను. కాని పిల్లల కళ్ళకి చిల్లర కనబడటం మానేసింది. నోటు విడిపోయి బిళ్ళలు కావడం ఎన్నడూ చూడని పిల్లకి, పదిలోంచి ఒకటి తెచ్చుకో అంటే ఏం తోస్తుంది? అందుకని వారానికి ఒకసారైనా పాలకో, కొత్తిమీరకో నగదు ఇచ్చి పిల్లల చేత కొనిపించండి. మిగిలిన చిల్లర ఎంతో వాళ్ళనే చెప్పమనండి.

మనలో చాలామందికి చిన్నప్పుడు మరో పద్ధతి నేర్పారు. పైన రెండుకి పది కలిపి పన్నెండు చేసుకుని, కింద ఉన్న రెండుకి ఒకటి కలిపి మూడు చేసేవాళ్ళం. పన్నెండులోంచి ఎనిమిది పోతే నాలుగు, అయిదులోంచి మూడు పోతే రెండు. జవాబు 24. ఇదీ సరైన పద్ధతే. రెండువైపులా పదేసి కలిపితే తేడా మారదు కదా! చిక్కు ఎక్కడ వస్తుందంటే, బడిలో టీచరు పై అంకె తగ్గించమంటారు, ఇంట్లో అమ్మ కింది అంకె పెంచమంటుంది. ఎనిమిదేళ్ళ పిల్ల రెండు పడవలమీద కాళ్ళు పెట్టి నీళ్ళలో పడుతుంది. ఒక్కోసారి రెండు పనులూ చేసి కూర్చుంటుంది. కాబట్టి ముందుగా "మీ టీచరు ఎలా చేశారో నాకు నేర్పు" అని అడగండి. మనకు నేర్పుతూ ఉండగా పిల్లకే ఎక్కడ ఆగిపోతోందో తెలిసివస్తుంది.

తప్పు జవాబుని ఇంటూ కొట్టి వదిలెయ్యకండి. కొంచెం చూడండి. 52లోంచి 28 తీస్తే 36 అని వేసిందనుకోండి, రెండులోంచి ఎనిమిది పోదు గనుక తిరగేసి ఎనిమిదిలోంచి రెండు తీసిందన్నమాట. 34 అని వేసిందనుకోండి, అప్పు తెచ్చుకుందిగాని నోటు ఒకటి తగ్గిందన్న సంగతి మరిచిపోయింది. రెండూ తప్పులే, కాని రెండింటికీ మందు వేరు. మొదటి పిల్లకి ఈనెల కట్ట విప్పి చూపించాలి. రెండో పిల్లకి అప్పు తెచ్చిన చోట పాత అంకె కొట్టేసి కొత్త అంకె రాయడం అలవాటు చెయ్యాలి. ఇద్దరికీ కలిపి "మరో యాభై లెక్కలు చెయ్యి" అంటే, తప్పునే యాభైసార్లు సాధన చేస్తారు.

ఆ తరవాత గుణకారం. దీనికి బడికన్నా మన వంటిల్లే మంచి తరగతి గది. ఇడ్లీ పాత్రలో ఒక్కో పళ్ళేనికి నాలుగు గుంటలు. మూడు పళ్ళేలకి ఎన్ని ఇడ్లీలు? నాలుగు, నాలుగు, నాలుగు కలిపితే పన్నెండు. అదే మూడు నాలుగులు పన్నెండు. కోడిగుడ్ల అట్టలో వరసకి ఆరు చొప్పున అయిదు వరసలు, 30 గుడ్లు. అట్టని పక్కకి తిప్పితే వరసకి అయిదు చొప్పున ఆరు వరసలు. గుడ్లు పెరగలేదు, తరగలేదు. అయిదు ఆర్లు అన్నా ఆరు అయిదులు అన్నా ఒకటేనని ఆ అట్టే చెబుతుంది. వాకిట్లో అయిదు వరసల్లో అయిదేసి చుక్కలు పెట్టినప్పుడు మొత్తం ఎన్ని చుక్కలో పిల్లని అడగండి. ముగ్గూ వస్తుంది, ఎక్కమూ వస్తుంది.

అయితే ఎక్కాలు బట్టీ పట్టించవద్దా అని అడుగుతారు. తప్పకుండా పట్టించండి. ఎక్కాలు నోటికి వచ్చిన పిల్లకి పెద్ద లెక్కల్లో చెయ్యి ఆగదు. కాని ఇడ్లీ పళ్ళెం ముందు, ఎక్కం వెనక రావాలి. అలాగే వరసగా అప్పగించుకోవడమే కాకుండా నడిమధ్యనించి అడగాలి. "ఏడు ఆర్లు ఎంత?" అంటే కొందరు పిల్లలు ఏడు ఒకట్లు ఏడు దగ్గరినించి పరుగెత్తుకుని వస్తారు. అది ఎక్కం రావడం కాదు, పాట రావడం. ఇంకో గుర్తు చెబుతాను. "నాలుగు ఆటోల్లో ఆటోకి ముగ్గురు చొప్పున వెళ్ళారు, మొత్తం ఎంతమంది?" అని అడిగితే "కూడాలా, గుణించాలా?" అని మిమ్మల్నే ఎదురు ప్రశ్న వేస్తే, ఆ బొమ్మ మనసులో కట్టలేదన్నమాట. అప్పుడు గుణించమని చెప్పకండి. ఒక కాగితం ఇచ్చి ఆటోలు గియ్యమనండి.

ఇప్పుడు చదవడం సంగతి.

మూడో తరగతి ముగిసేసరికి, ముందెన్నడూ చూడని పాఠాన్ని నిమిషానికి కనీసం 60 మాటలు చొప్పున అర్థం చేసుకుంటూ చదవాలని నిపుణ్ లక్ష్యాల్లో పెట్టారు. ఈ వేగం దేనికంటే, మరీ కూడబలుక్కుని చదివితే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు. అంతేగాని గడియారం పట్టుకుని పిల్లల్ని పరుగెత్తించమని కాదు. పైగా తెలుగు మాటలు పొడుగు. "వెళ్ళిపోతున్నారనుకున్నాను" అన్నది మనకు ఒక్కటే మాట. ఇంగ్లీషులో దానికి అయిదు మాటలు కావాలి. కాబట్టి మాటలు లెక్కపెట్టడంకన్నా, చదివింది మనతో మాట్లాడినట్టు వినిపిస్తోందా లేదా అన్నది చూసుకోండి.

ముఖ్యమైన మాట "ముందెన్నడూ చూడని" అన్నది. మన పిల్లలు వాచకంలోని పాఠం గడగడా చదివేస్తే మనం మురిసిపోతాం. పుస్తకం మూసినా అలాగే చదువుతారు! అది జ్ఞాపకశక్తి, చదువు కాదు. మీ చేతిలో ఉన్న పత్రికలో పిల్లల పేజీ తీసి ఇవ్వండి. పప్పు పొట్లం మీద రాసినది చదవమనండి. బస్సులో వెళుతున్నప్పుడు దుకాణాల బోర్డులు చదివించండి. గుణింతం మొత్తం అప్పగించే పిల్ల, విడిగా 'కొ' చూపించి ఇదేమిటంటే 'క, కా, కి, కీ' అని మొదటినించి మొదలుపెడితే, ఆ అక్షరం ఇంకా సొంతం కాలేదని తెలుసుకోండి. పది, పాది, గుడి, గుడ్డి, ఇలాంటి జంటలు రాసి చదివించండి. దీర్ఘమూ, ఒత్తూ ఒక్కటి జారితే అర్థమే మారిపోతుందని పిల్లలకి నవ్వుకుంటూ తెలుస్తుంది.

చదివాక రెండు ప్రశ్నలు వెయ్యండి. ఒకటి కథలో జవాబు ఉన్నది. "కాకి ఎక్కడ వాలింది?" లాంటిది. రెండోది కథలో రాయనిది, ఆలోచిస్తే తెలిసేది. "కాకి ఎందుకు అలా చేసింది? నువ్వయితే ఏం చేసేదానివి?" లాంటిది. బడిలో టీచర్లు ఈమధ్య ఇలాంటి ప్రశ్నలే వేస్తున్నారు. గైడులో దానికి జవాబు ఉండదు గనుక మనకు కంగారు. దానికి ఒక్కటే సరైన జవాబు ఉండదు. పిల్ల తన మాటల్లో చెప్పిందే జవాబు.

తన మాటల్లో అన్నానుగనుక మరో సంగతి. ఇంట్లో "అమ్మ వస్తుంది, నాయన పోయిండు" అనే పిల్లకి పుస్తకంలో "నాన్న వెళ్ళాడు" అని కనబడుతుంది. ఇంకో జిల్లా పిల్ల "నానెల్తాను" అంటుంది. అది తప్పు మాట అని నలుగురిలో నవ్వితే ఆ పిల్ల నోరు మూసుకుంటుంది. నోరు విప్పని పిల్ల చదువూ రాదు, రాతా రాదు. ఇంటి మాట ఇంటికి అందం. పుస్తకంలో ఇలా రాస్తారమ్మా అని పక్కన మరొకటి చేర్చండి, ఉన్నది పెరికెయ్యకండి.

పరిసరాల విజ్ఞానం మూడో తరగతిలో కొత్తగా వచ్చే సబ్జెక్టు అని చెప్పాను. కుటుంబం, తిండి, నీళ్ళు, చెట్లు, ఇల్లు, ఊరు, ఇవే పాఠాలు. ఇవి మనందరికీ తెలిసినవే గనుక ఇందులో నేర్చుకునేదేముంది అనిపిస్తుంది. నేర్పేది విషయం కాదు, చూడటం. "మీ ఇంటికి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి?" అని ఇంటి దగ్గర అడిగి రమ్మంటారు. "మోటారు వేస్తే వస్తాయి" అని మనం పని తొందరలో అనేస్తాం. హైదరాబాదులో ఉన్నవాళ్ళయితే మంజీరా, కృష్ణా, గోదావరి, ఇన్ని నదుల నీళ్ళు పైపుల్లో ఎంతో దూరంనించి వచ్చి మన కుళాయిలో పడుతున్నాయని చెప్పవచ్చు. అది విన్న పిల్ల కుళాయి కట్టకుండా వదిలేసే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణమే ఆ పాఠం.

ఇంటినించి బడికి దారి గీసుకు రమ్మన్నారనుకోండి, గీసి ఇవ్వకండి. సాయంత్రం చెయ్యి పట్టుకుని నడిపించి, కుడివైపు ఏమొచ్చింది, ఎడమవైపు ఏమొచ్చింది అని అడగండి. వంకరటింకరగా గీసినా అది ఆ పిల్ల పటం. రాత్రి పదకొండుదాకా కూర్చుని థర్మోకోల్ కోసి, రంగులు వేసి, మనం చేసిపెట్టే ప్రాజెక్టులకి మార్కులు వస్తాయేమో గాని, అవి మన మార్కులు. పిల్ల నేర్చుకునేది ఒకటే, తన చేతులు పనికిరావని.

ఈ సబ్జెక్టులో ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో పట్టిక రాయమనడం కూడా ఉంటుంది. కొందరు పిల్లలు "నాన్న ఆఫీసుకి వెళతాడు, అమ్మ ఏమీ చెయ్యదు, ఇంట్లో ఉంటుంది" అని రాసుకొస్తారు. చదివితే మనకు చివుక్కుమంటుంది. కోప్పడితే లాభం లేదు. ఒక ఆదివారంనాడు పొద్దున్న లేచిందగ్గరినించి ఇంట్లో ఎవరు ఏ పని చేశారో గంట గంటకీ గీత గీయమనండి. రాత్రికి ఆ గీతలు కూడమనండి. కూడికలూ వస్తాయి, మరొకటి కూడా తెలిసివస్తుంది. ఆ పట్టిక చూశాక మగపిల్లవాడు తన కంచం తానే తీసి కడుక్కుంటే, ఆ టెర్ముకి అంతకన్నా పెద్ద మార్కు ఏముంది?

"ఇవన్నీ తెలుగులో చెబితే ఏం లాభం? మా పిల్లలది ఇంగ్లీషు మీడియం, మాకేమో ఇంగ్లీషు అంతగా రాదు" అని చాలామంది తల్లులు వెనక్కి తగ్గుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లోనూ, తెలంగాణలో 2022-23లోనూ ప్రభుత్వ బడులకి ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలు తెచ్చినది ఎందుకు? ముందు తెలిసిన భాషలో విషయం అందితే, తెలియని భాషలో మాట దానంతట అది వచ్చి అతుక్కుంటుందని. చిల్లర మార్చడం తెలుగులో అర్థమైన పిల్ల, బడిలో దాన్ని 'బారోయింగ్' అన్నా 'రీగ్రూపింగ్' అన్నా బెదరదు. విషయమే తెలియని పిల్లకి ఆ పేరు వట్టి చప్పుడు. కాబట్టి మీకు వచ్చిన భాషలో ధైర్యంగా చెప్పండి.

ఇక చివరగా నాలుగు మాటలు.

టీచరుని కలిసినప్పుడు "మా అమ్మాయి ఎలా చదువుతోందండీ?" అని అడిగితే "బాగానే చదువుతోంది" అంటారు. దానివల్ల మీకు తెలిసేది ఏమీ లేదు. "తీసివేతలో ఎక్కడ ఆగుతోంది? చూడని పాఠం చదవగలుగుతోందా?" అని అడగండి. వాళ్ళూ సంతోషంగా చెబుతారు.

పుస్తకం మరీ దగ్గరగా పెట్టుకున్నా, బోర్డు మీదిది తప్పుగా ఎక్కించుకుంటున్నా ముందు కళ్ళు పరీక్ష చేయించండి. కళ్ళూ చెవులూ బాగుండి, తెలివిగా మాట్లాడుతూ, ఎంత సాయపడినా అక్షరాలు మాత్రం నిలవని పిల్లలు కొందరుంటారు. వాళ్ళు మొద్దులూ కాదు, బద్ధకస్తులూ కాదు. దాన్ని అభ్యసన వైకల్యం అంటారు. 2016లో వచ్చిన చట్టం దాన్ని గుర్తించింది. నిపుణులకి చూపిస్తే వాళ్ళు నేర్చుకునే దారి వేరే ఉంటుంది.

2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. బడిలో బెత్తం పోయింది సరే, లెక్క రాలేదని ఇంట్లో అట్లకాడ పైకి లేస్తే ఏ చట్టం వచ్చి ఆపుతుంది? "నీకు లెక్కలు రావు" అని ఎనిమిదేళ్ళకే తీర్పు చెప్పకండి. ముఖ్యంగా ఆడపిల్లలతో, "నాకూ రాలేదులే, మన ఇంట్లో ఎవరికీ రావు" అని నవ్వుతూ కూడా అనకండి. ఆ మాటని వాళ్ళు తాతలనాటి ఆస్తిలాగా దాచుకుంటారు.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు. టీవీ కట్టేసి, ఫోను పక్కన పెట్టి, కూర తరుగుతూనైనా సరే, పిల్ల చదువుతుంటే వినండి. ఒక్క లెక్క చేయించండి, అది ఎలా చేసిందో చెప్పించుకోండి. దసరా సెలవులకి ఇంకా టైముంది. 204 రాయడమో, నోటు మార్చడమో, ఒత్తు పలకడమో, ఎక్కడో ఒక్కచోట పిల్ల ఆగి ఉంటే ఇప్పుడు తెలుసుకుంటే వారం పదిరోజుల పని. వదిలేస్తే ట్యూషన్లూ, కోచింగులూ, కన్నీళ్ళూ. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దు. ఈ సాయంత్రమే కాగితం, పెన్సిలు ఇచ్చి రెండు వందల నాలుగు రాయమనండి.